గోడ మీద దర్వాజ

ఆ ఇంటికి మొదటి అతిథిని నేనే. ఎవరూ అడగకపోయినా ఈ మాట చెప్పుకోవడం నాకు అలవాటు. తర్వాత అక్కడికి ఎవరెవరో వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు, తామే కనిపెట్టినట్టు పదిమందికి చెప్పుకున్నారు. వాళ్లందరికంటే ముందు ఆ గడప తొక్కింది నేను.

తొంభై ఆరులో కరీంనగర్ దగ్గర నుంచి మేడ్చల్ పక్క హైస్కూలుకు నాకు బదిలీ అయింది. తెలుగు టీచర్ని. గౌడవెల్లి దాటి శామీర్‌పేట దిక్కు పోయే దారిలో ఒక చిన్న ఊళ్లో అద్దె ఇంటి కోసం ఎండలో తిరిగాను. ఒంటరి ఆడదానికి ఇల్లివ్వాలంటే అందరికీ సందేహమే. పైగా నాకు నోరెక్కువ. ఆ సంగతి నాకంటే ముందే ఊళ్లోకి వచ్చినట్టుంది. చివరికి ఒక పాత భవంతి ముందు పెట్టె దించి, మంచినీళ్లు అడిగాను. మోచేతుల దాకా మట్టి పూసుకున్న ఒకావిడ బయటికి వచ్చింది. పనిమనిషి అనుకున్నాను.

“ఇంటోళ్లు ఉన్నరామ్మా?” అన్నాను.

“నేనే ఇంటిదాన్ని. పెట్టె ఎండల పెట్టినవేంది? లోపలికి తే.”

ఆవిడే పార్వతీదేవి. ఓ వారం తమ దగ్గరుండి నిమ్మళంగా ఇల్లు చూసుకొమ్మంది. నేను ఎనిమిదేళ్లు ఉన్నాను.

పార్వతీదేవి ఆ ఊరి పటేళ్ల ఇంటి ఆడపిల్ల. చదువుకోవడానికి హైదరాబాదు పంపిస్తే మట్టితో బొమ్మలు చేయడం నేర్చుకుంది. అక్కడే చిత్రాలు గీసే వీరభద్రాన్ని పెళ్లి చేసుకుంది. పటేళ్ల పిల్ల మట్టి పిసకడం ఒక తప్పు, తమ కులం కానివాణ్ణి చేసుకోవడం ఇంకో తప్పు. చాలా ఏళ్లు పుట్టింటివాళ్లు ఆమె పేరెత్తలేదు. తండ్రికి ఆఖరి రోజుల్లో మనసు కరిగింది. కూతుర్ని పిలిపించుకుని, తాతల నాటి భవంతిలో సగం ఆమె పేర రాసి కన్నుమూశాడు.

తక్కిన సగం అన్న జనార్ధన్‌ది. దినాలు కాగానే పంపకాల దగ్గర అన్నాచెల్లెళ్లకు మాటామాటా పెరిగింది. బావి నాదంటే నాదని, వంటిల్లు నాదంటే నాదని ఊరంతా వినేట్టు కొట్లాడుకున్నారు. ఆ కోపంలో జనార్ధన్ తన వైపు ఉన్న నడిమి అర్ర దర్వాజను చెల్లెలి మొహం మీదే మూసేశాడు. మేస్త్రీని పిలిపించి, ఇంటి నడుమ ఉన్న వాకిట్లో అడ్డంగా ఇటుక గోడ పెట్టించాడు. భవంతి అందమంతా ఆ వాకిలే. పైన ఆకాశం, చుట్టూ టేకు స్తంభాలు, వాటి మీదికి వంగిన గూనపెంకల చూరు. అలాంటి వాకిలిని చెరి సగం చేశారు. గోడ చేదబావి మీదుగా కూడా పోయింది. బావి సగం ఇటు, సగం అటు. ఎవరి గిరక వాళ్లది, ఎవరి బొక్కెన వాళ్లది.

అయితే నీళ్లకు గోడ కట్టలేరు కదా. జనార్ధన్ భార్య పద్మమ్మ అటు నుంచి బావిలోకి వంగి, “పార్వతీ, ఇంటున్నవా?” అంటే ఇటు చక్కగా వినపడేది. భర్త బయటికి పోయాడంటే చాలు, వదినా ఆడబిడ్డా బావిలోకి తలలు పెట్టి ఊసులాడుకునేవాళ్లు. మూత కట్టిన గిన్నె పద్మమ్మ బొక్కెనలో దిగి పార్వతీదేవి బొక్కెనలో పైకి వచ్చేది. ఆ గిన్నెలో వచ్చిన మామిడి తొక్కు పచ్చడి నేనూ తిన్నాను. ఏ బంధువుల ఇంట్లోనూ అంత రుచిగల తొక్కు తినలేదు.

ఇక వీరభద్రం సార్ సంగతి. మంచివాడే, కానీ ఇల్లు తగలబడుతుంటే ఆ మంటలో ఎన్ని రంగులున్నాయో చూస్తూ నిలబడే రకం. సికింద్రాబాదులో ఒక బడిలో డ్రాయింగ్ మాస్టరుగా చేసి మానేశాడు. ఊళ్లో కిరాణా కొట్లకు బోర్డులు రాసేవాడు. ఉప్పు తెమ్మని పంపిస్తే ఉప్పు మరచిపోయి, ఆ కొట్టు తలుపు మీద నెమలిని గీసి వచ్చేవాడు. ఆయన్ను చూస్తే నాకు ఒళ్లు మండేది. పార్వతీదేవి మాత్రం నవ్వి, “నెమలి మంచిగొచ్చిందా?” అని అడిగేది. ఇద్దరూ ఇద్దరే.

ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు పెద్దవాళ్లై, ఆదివారాలు బొమ్మలు గీసుకోవడానికి ఆ ఇంటికి రావడం మొదలుపెట్టారు. వాళ్ల వెంట వాళ్ల స్నేహితులు, ఆ తర్వాత పెళ్లాంపిల్లలతో కుటుంబాలు. పక్కింటి జహేదా జొన్న రొట్టెలు కొట్టి పెట్టేది. వచ్చినవాళ్లు తోచింది ఇచ్చి పోయేవాళ్లు, దాని మీద పార్వతీదేవికి పట్టింపు లేదు. పట్టింపల్లా ఒక్కటే. ఆ ఇంటికి చుట్టాల్లా వచ్చి అన్నం తిన్నవాళ్లు ఇంటి కోసం తమ చేత్తో ఒక పని చేసి పోవాలి. పాత ఇల్లు పది చేతులు పడితేనే నిలబడుతుందని ఆమె నమ్మకం. ఒకరు గోడకు సున్నం వేసేవాళ్లు, ఒకరు గడపకు ఎర్రమట్టి జాజు పూసేవాళ్లు, ఇంకొకరు పెంకలు సర్దేవాళ్లు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఒకతను పొద్దంతా కూర్చుని నులక మంచం అల్లి, అది ఒక పక్కకు ఒరిగినా దాంతో ఫోటో దిగి మురిసిపోయాడు. ఆ మంచం మీద పడుకునే భాగ్యం నాకు దక్కింది.

ఈ నవ్వులన్నీ గోడ అవతల జనార్ధన్‌కు వినపడేవి. ఆయన రాజకీయాల్లో తిరిగేవాడు, ప్లాట్ల బేరాలు చేసేవాడు, గుండ్లపోచంపల్లి దాకా ఆయన మాటకు విలువుండేది. ఆయన ఇంటికి పనులున్నవాళ్లు వచ్చేవాళ్లు గానీ, ఊరికే కూర్చుని నవ్వేవాళ్లు వచ్చేవాళ్లు కాదు. గోడవతల నుంచి అప్పుడప్పుడు ఆయన గొంతు వినపడేది, “ఇల్లా, జాతరా?” అని. చెల్లెలి గడప మాత్రం తొక్కలేదు. తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడని పద్మమ్మ బావిలో చెప్పింది.

రెండు వేల మూడులో ఒకరోజు బావిలోంచి ఇంకో కబురు వచ్చింది. ఈసారి పద్మమ్మ గొంతు బొంగురుపోయి ఉంది.

“పార్వతీ, మీ అన్న ఈ సగం అమ్ముతాండు. గోదాం కట్టెటోళ్లు వచ్చి జూసిపోయిన్రు. ఎండకాలం దాటంగనే కూలగొడ్తరంట. కొంపల్లిల అపార్టుమెంటు జూసిండు.”

అటు సగం కూలిస్తే ఇటు సగం నిలబడదు. చిన్నపిల్లవాడికి కూడా అర్థమయ్యే విషయం. దూలాలు రెండు వైపులకూ కలిపి వేసినవి. పార్వతీదేవి బావి గట్టు మీద కూర్చుండిపోయింది. ఆమె నవ్వు లేకుండా ఉండటం నేను చూసింది అదే మొదటిసారి. పోయి అన్నను అడుగు, కాళ్లు పట్టుకున్నా తప్పు లేదు అన్నాను.

“అడిగితే ఇస్తడు టీచర్. కాని జన్మంత ఇచ్చిన అనే అంటడు. ఆయనకే అనిపియ్యాలె,” అంది.

వీరభద్రం సార్ గోడ దగ్గర నిలబడి గడ్డం గోక్కుంటున్నాడు. భార్య దుఃఖంలో ఉంటే ఓదార్చే పద్ధతి ఇదా అని నాకు మండుకొచ్చింది. అప్పుడాయన తిరిగి, “పారూ, అటు సగం ఎట్లుండె జెప్పు. పోకముందే గీసుకుంట,” అన్నాడు.

ఆయన ఆ సగాన్ని ఎన్నడూ చూడలేదు. అల్లుడిగా ఆ ఇంటికి వచ్చేసరికే గోడ లేచింది. అందుకని పార్వతీదేవి నులక మంచం మీద కూర్చుని చెబుతుంటే, ఆయన నిచ్చెనెక్కి గీశాడు. జాజు, నీలిమందు, దీపం మసి, తుమ్మబంకతో కలిపిన రంగులు. ఎన్ని స్తంభాలు, ఏ స్తంభానికి లేగను కట్టేవాళ్లు, వాళ్లమ్మ పిండి రుబ్బిన రోలు ఎక్కడుండేది, వడ్లు పోసే గుమ్మి ఎక్కడుండేది, అన్నీ చెప్పింది. సున్నం గోడ మీద వాకిలి అవతలి సగం మెల్లగా తెరుచుకుంది. మా స్తంభాలు ఆగిన చోట గోడ మీది స్తంభాలు మొదలయ్యాయి. మా బావి సగం, బొమ్మ బావి సగంతో కలిసి గుండ్రమైంది. రొట్టెల పిండి తెచ్చిన జహేదా గడపలోనే ఆగిపోయి, “యా అల్లా, గోడ యాడ బోయింది?” అంది. ఆ రోజు నుంచి నేను సార్‌ను తిట్టడం తగ్గించాను. పూర్తిగా మానలేదు.

ఆ బొమ్మలో అన్నిటికంటే ముందు కంటపడేది నడుమనున్న పెద్ద దర్వాజ. రెండు రెక్కలూ గట్టిగా మూసి, గొళ్లెం పెట్టి ఉంటుంది. వచ్చిన ప్రతివాళ్లూ అదే అడిగేవాళ్లు.

“గా దర్వాజెనుక ఎవలుంటరు?”

“మా అన్న ఉంటడు.”

“మరి మూసిండెందుకు?”

“ఆయన్నే అడగాలె.”

పార్వతీదేవి మాట దాచే మనిషి కాదు, గొంతు తగ్గించే మనిషి అంతకన్నా కాదు. ప్రతి ఆదివారమూ ఈ ప్రశ్నా, ఈ జవాబూ, ఆ వెనక నవ్వూ గోడ దాటి పోయేవి. అటు జనార్ధన్ మజ్జిగ తాగుతూ వినేవాడట. మొదట విననట్టు నటించాడట. తర్వాత ఆ బొమ్మలో ఏముందో కనుక్కొమ్మని పద్మమ్మను అడిగాడట. ఆమె గడుసుది. “నేనెట్ల జెప్త, నేను జూసిన్నా? నువ్వే పోయి జూడు,” అందట.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాకిలి నిండా చుట్టాలుండగా, వీధి గడప దగ్గర తెల్ల చొక్కా, భుజాన తువ్వాలుతో జనార్ధన్ ప్రత్యక్షమయ్యాడు. జహేదా చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది. ఆయన నేరుగా గోడ ముందుకు వెళ్లి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత తప్పులు పట్టడం మొదలుపెట్టాడు.

“గుమ్మి గాడ ఉండేదా? గీ మూలకుండె. లేగను గా స్తంభానికెవడు గట్టిండు? గాడైతే ఎద్దు కొమ్ముకు అందుతదని బాపు గీ స్తంభానికి గట్టెటోడు. అమ్మ రోలు ఇంకింత ఇటుండాలె.”

వీరభద్రం సార్‌కు కోపం రాలేదు సరికదా, పండగైంది. చెవి మీది పెన్సిలు తీసి, “ఇంకా జెప్పు బావా,” అంటూ గోడ మీద గుర్తులు పెట్టుకుంటున్నాడు. జనార్ధన్ వేలు చివరికి దర్వాజ మీదికి వచ్చింది. అక్కడ ఆయన గొంతు మారింది.

“గీ దర్వాజ మూసెందుకు గీసినవ్?”

“నాకేమెర్క బావా? నీ చెల్లె ఎట్ల జెప్తే గట్ల గీసిన.”

ఆయన చెల్లెలి వైపు తిరిగాడు. “మనింట్ల నడిమి అర్ర దర్వాజ పగటిపూట ఎన్నడన్న మూసిండ్రా? అమ్మకు జొరమొచ్చి పండుకున్నా తెరిచే ఉండేది. వచ్చెటోళ్లు వాపసు పోతరని అవ్వ మూయనియ్యకపోయేది. గింత అబద్ధం గీపించి నన్ను నలుగుట్ల బద్నాం జేస్తవా?”

“నేను ఆఖరికి జూసినప్పుడు మూసే ఉండె అన్నా,” అంది పార్వతీదేవి. “నువ్వే మూసినవ్. నాకు గదే యాదికున్నది.”

జనార్ధన్ తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. చివరికి, “తుడిపెయ్. తెరిచి గియ్యమను,” అన్నాడు.

సార్ కుంచె అందుకోబోయాడు. పార్వతీదేవి దాన్ని లాక్కుని అన్న చేతిలో పెట్టింది. “ఈ ఇంటికొచ్చిన సుట్టాలు ఒక పని జేసి పోవాలె. నీ దర్వాజ నువ్వే తెరువు.”

“నేను సుట్టాన్నా?”

“మరి కాదా? వీధి గడప నుంచే వస్తివి గద.”

జనార్ధన్ మొహంలో కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చి, రెండూ నిలవలేదు. కుంచె పట్టుకున్నాడు. ప్లాట్లకు హద్దురాళ్లు పాతించిన చేతికి కుంచె ఏం లొంగుతుంది? ఆయన గీసిన దర్వాజ రెక్క ఒకటి నేల మీద పడిపోతున్నట్టు, రెండోది ఎగిరిపోతున్నట్టు వచ్చింది. తెల్ల చొక్కా నిండా జాజు చిమ్మింది. అయినా పొద్దు వాలేదాకా వదల్లేదు. జహేదా రెండు రొట్టెలు పెడితే నిలబడే తిన్నాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, ఎవరి మొహమూ చూడకుండా, “గోదామోళ్లకు మాటిచ్చిన,” అన్నాడు.

పార్వతీదేవి తల ఊపింది, అంతే. ఆయన వెళ్లాక నేను ఆమె మీద పడ్డాను. ఇంత దగ్గరికి వచ్చినవాణ్ణి ఒక్క మాట అడగవా అన్నాను.

“తిని పొయ్యెటోణ్ణి అడుగుతరా టీచర్? మల్ల రానీ,” అంది.

సార్ ఆ దర్వాజను సరిచేశాడు. బావ గీసిన గీతల మీదే గీశాడు, ఒక్కటి కూడా తుడపలేదు. రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి. లోపల చీకటి అర్ర, గోడ గూట్లో దీపం, ఆ వెనక పెరటి నిమ్మచెట్టు మీద ఎండ కనిపించేవి. దగ్గరికి పోయి చేత్తో తడిమితే తప్ప బొమ్మని తెలిసేది కాదు. అక్కడే వచ్చింది ముప్పు.

సికింద్రాబాదు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్లతో వచ్చిన పెద్దావిడకు చూపు కొంచెం తక్కువ, హుషారు ఎక్కువ. జీపు దిగగానే, “అబ్బ, ఎంత పెద్ద ఇల్లమ్మా! పెరడు చూసొస్తా,” అంటూ చరచరా నడిచి, తెరిచి ఉన్న దర్వాజలోకి నేరుగా వెళ్లి గోడకు గుద్దుకుంది. ఆ చప్పుడుకు కోళ్లు లేచిపోయాయి.

“ఏమైంది? పార్వతీ, ఏమైంది?”

గోడవతల నుంచి జనార్ధన్ అరుపు. గోడ లేచాక ఆయన చెల్లెల్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. వీధిలోంచి చుట్టూ తిరిగి చెప్పుల్లేకుండా పరుగెత్తుకు వచ్చాడు. పెద్దావిడను నులక మంచం మీద కూర్చోబెట్టి జహేదా నుదుటికి పసుపు పెడుతోంది. కోడిగుడ్డంత బొప్పి కట్టింది. ఆవిడ ఏడవలేదు, గోడవతల గొంతు ఈయనదేనని గుర్తుపట్టి జనార్ధన్‌ను ఎగాదిగా చూసింది.

“ఈ దర్వాజ వెనక ఉండేది నువ్వేనా బాబూ?”

“నేనేనమ్మా.”

“తలుపులు బార్లా తెరిచి పెట్టి, లోపలికి రాబోతే గోడ అడ్డం పెడతావా? ఇదేం మర్యాద?”

అసెంబ్లీ మెట్ల దాకా పోయి వచ్చిన మనిషి, చెప్పుల్లేని తన కాళ్లు చూసుకున్నాడు. వచ్చినవాళ్లు వెనక్కి పోకూడదని దర్వాజ మూయనివ్వని అవ్వకు మనవడు ఆయన. ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు కళ్లారా కనిపించింది. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీతో వచ్చాడు. అడక్కముందే సంజాయిషీ మొదలుపెట్టాడు. “రేపెవలన్న తల్కాయ పలగ్గొట్టుకుంటే పోలీసు కేసు నా మీదికొస్తది. గోడ నేను గట్టిచ్చింది. అందుకే. ఇంకేం లేదు.”

“ఏం లేదు ఏం లేదు,” అంది పార్వతీదేవి ఒప్పుకుంటూ.

గోడలో కొట్టించింది దర్వాజ బొమ్మ ఉన్న మేరకే. గోడంతా పడగొడదామని మేస్త్రీ అంటే అన్నాచెల్లెళ్లిద్దరూ ఒక్కసారే వద్దన్నారు, అంత మంచి బొమ్మను ఎవరు పాడుచేసుకుంటారు? వీరభద్రం సార్ సుద్దముక్కతో గీత గీసి, ఒక్కో ఇటుక దగ్గర మేస్త్రీతో తగాదా పడ్డాడు. సందు పడగానే అవతల పద్మమ్మ నిలబడి ఉంది. అంతకాలం బావి నీళ్లలో నీడగా చూసుకున్న మొహాలు ఎదురెదురుగా కనపడేసరికి వదినా ఆడబిడ్డా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేముంది?

వడ్రంగి వడ్ల వీరయ్య టేకు రెక్కలు తెచ్చి బిగించాడు. బిగిస్తూ, “పటేలా, అమ్మెటి ఇంటికి గింత మంచి దర్వాజెందుకు?” అని అడిగాడు.

“అమ్ముడేంది?” అని జనార్ధన్ కసిరాడు. “నడిమిట్ల దర్వాజ పెట్టినంక సగం ఇల్లెట్ల అమ్ముతరు? గోదామోళ్లకు నిన్ననే చెప్పిన.”

పార్వతీదేవి చేతిలోని మట్టి ముద్ద కింద పెట్టేసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, లోపలికి పోయి అన్నకు చాయ్ పెట్టుకుని వచ్చింది.

“మరి గొళ్లెం ఏ దిక్కు పెట్టమంటరు?” అన్నాడు వీరయ్య.

“నా చెల్లె దిక్కు పెట్టు. దినాం కొత్తోళ్లు వచ్చి పొయ్యే ఇల్లు.”

“నాకెందుకన్నా? నీ దిక్కే పెట్టుకో. నీ తాన కాయిదాలు గీయిదాలు ఉంటయ్.”

“నీ దిక్కే అంటున్న గద!”

“నాకొద్దంటున్న గద!”

గొంతులు లేచాయి. నాదంటే నాదని కొట్లాడుకున్న అన్నాచెల్లెళ్లు నీదంటే నీదని మళ్లీ ఊరంతా వినేట్టు కొట్లాడుకున్నారు. వీరయ్య కాసేపు చూసి, మీరు తేల్చుకుండ్రి, బువ్వ తినొస్త అని గొళ్లెం సంచిలో వేసుకుని పోయాడు. వాళ్లు ఇంతవరకు తేల్చుకోలేదు, ఆయనా రాలేదు.

మొన్న పది రోజులు సెలవు పెట్టి ఆ ఇంటికి వెళ్లాను, ఈసారి చుట్టంగా. గొళ్లెం లేకపోవడంతో గాలి వచ్చినప్పుడల్లా దర్వాజ దభీమని మూసుకునేదట. ఆ చప్పుడు జనార్ధన్‌కు గిట్టేది కాదట. తన వైపు నుంచి వాళ్లమ్మ పిండి రుబ్బిన రోలును దొర్లించుకొచ్చి, రెక్క మూసుకోకుండా అడ్డం పెట్టాడు. ఆ రాయి ఇప్పుడూ అక్కడే ఉంది. జరుపుదామని చూశాను గానీ, నాతో కాలేదు.